గ్రీసులో ఆరు రోజులు: గుడి పక్కన నాటకం, నాటకం పక్కన ఆసుపత్రి

ఏథెన్స్ నడుమ ఉన్న అక్రోపొలిస్ కొండకి రెండు దార్లున్నాయి. అందరూ పడమటి వైపు పెద్ద గేటు దగ్గర బారులు తీరుతుంటారు. మ్యూజియం దగ్గర దక్షిణం వైపు ఇంకో గేటుంది, అక్కడ రద్దీ తక్కువ. మేం అటునుంచే వెళ్ళాం. మేం అంటే నేను, మా ఆవిడ, మా మావగారు. ఆయనది తెనాలి. కుర్రతనంలో పద్యనాటకాల్లో వేషాలు కట్టారు. మోకాళ్ళు సహకరించవు కానీ నాటకం అంటే ఇప్పటికీ లేచి కూర్చుంటారు.

గేటు దాటగానే ద్రాక్షసారా దేవుడు డయొనైసస్ పేరున్న నాటకశాల. పాత గ్రీకు నాటక కవులు ఎస్కిలస్, సొఫోక్లీస్, యూరిపిడీస్, అరిస్టోఫనీస్ నలుగురి నాటకాలూ ఈ కొండవాలులోనే ఆడాయి. జనం మాత్రం ఒక ఫొటో తీసుకుని కొండ మీది పార్థెనాన్ గుడి వైపు పరుగు. మావగారు కదల్లేదు. రంగస్థలం వెనకాల కూలిన గుడి పునాదులు చూపించి, "ఇదేంటి అల్లుడుగారూ, నాటకాల హాలు గుడి ఆవరణలో కట్టారా?" అన్నారు. మిగతా రోజులన్నీ ఆ ప్రశ్న మా వెంటే తిరిగింది.

అవును, గుడి ఆవరణలోనే. ఏటా వసంతంలో డయొనైసస్ ఉత్సవం జరిగేది. దేవుడి విగ్రహాన్ని ఊరేగింపుగా తెచ్చేవారు, ఎడ్లను బలిచ్చేవారు. తర్వాత నాటకాల పోటీ: ముగ్గురు కవులు, ఒక్కొక్కరివి మూడు విషాదాంతాలు, చివర ఒక మోటు హాస్యం. కోరస్‌ని, అంటే నాటకంలో పాడి ఆడే బృందాన్ని, తయారుచేసే ఖర్చు ఊళ్ళో ఒక డబ్బున్నాయన నెత్తిన పడేది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో రాతి మెట్లు కట్టాక సుమారు 17,000 మంది పట్టేవారట. ముందు వరస నడుమ డయొనైసస్ పూజారి కుర్చీ ఉంది. పాలరాయి, సింహం పాదాల్లాంటి కాళ్ళు, వీపు ఆనేచోట ద్రాక్షగుత్తులు. తాడు కట్టేశారు, కూర్చోనివ్వరు. ఆ పక్కనే నాలుగడుగుల్లో వైద్యదేవుడు అస్క్లేపియస్ గుడి. ఆయన్ని ఏథెన్స్‌కి తెచ్చినప్పుడు ఆహ్వానించినవాళ్ళలో సొఫోక్లీస్ కూడా ఉన్నాడని చెప్పుకుంటారు.

పైన పార్థెనాన్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. టికెట్ 30 యూరోలు, టైమ్ స్లాట్ ఉంటుంది, ఉదయం ఎనిమిదిది తీసుకోండి. జులైలో ఎండ మరీ ముదిరితే మధ్యాహ్నం కొన్ని గంటలు కొండ మూసేస్తారు. పాలరాయి అరిగి నున్నగా జారుతుంది, మామూలు చెప్పులతో ఎక్కొద్దు. లిఫ్ట్ ఉంది కానీ నడవలేనివాళ్ళకే.

నాకైతే కొండకన్నా కింది మ్యూజియమే నచ్చింది. ఎరెక్థియాన్ గుడిని తలల మీద మోసిన రాతి కన్యలు ఐదుగురు ఇక్కడున్నారు, ఆరో అమ్మాయి లండన్‌లో. ఆమె చోటు ఖాళీగా వదిలారు. పార్థెనాన్ చుట్టూ 160 మీటర్ల పొడవున చెక్కిన ఊరేగింపు బొమ్మల్లో చాలావరకు ఇక్కడ ప్లాస్టర్ నకళ్ళే, అసలువి లండన్‌లోనే. ఆ ఊరేగింపు ఎథీనా పండుగదని ఎక్కువమంది అంటారు. అమ్మవారికి కొత్త వస్త్రం నేసి, ఊరంతా కదిలి తీసుకెళ్ళి సమర్పించడం. మా ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. "పట్టుచీర పెట్టడమేగా" అంది.

బస కుకాకి పేటలో. ప్లాకా అందంగా ఉంటుంది కానీ రేట్లు ఎక్కువ, రాత్రి గోల ఎక్కువ. కుకాకి నుంచి మ్యూజియం పది నిమిషాల నడక, పక్కనే బేకరీలు, మందుల షాపు. మా హోటల్ వాళ్ళు 'అక్రోపొలిస్ వ్యూ' అని పెట్టారు. బాల్కనీ రెయిలింగ్ పట్టుకుని కుడివైపు బాగా వంగితే స్తంభాల మూల ఒకటి కనిపించింది. వ్యూ కోసం ఎక్కువ కట్టొద్దు, టెర్రస్ ఉందో లేదో అడగండి. బుకింగ్‌లో చూపించని పన్ను ఒకటి రాత్రికింత అని కౌంటర్లో విడిగా తీసుకుంటారు, అది మోసం కాదు, ప్రభుత్వానిదే. బాత్‌రూమ్‌లో కాగితం కమోడ్‌లో వేయకూడదు, పక్కన బుట్ట ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి మెట్రో 9 యూరోలు, ఊళ్ళో మామూలు టికెట్ 1.20.

అగోరా మీద ఒక పూట మొత్తం పెట్టండి. మెట్రో రైలు ఆ పాత బజారు అంచునే కోసుకుంటూ పోతుంది. అట్టలోస్ మండపంలోని మ్యూజియంలో ఒక నీటి గడియారం ఉంది, మట్టి కుండకి అడుగున చిన్న గొట్టం. కోర్టులో నీళ్ళు కారడం ఆగిందంటే నీ వాదన అయిపోయినట్టే, సుమారు ఆరు నిమిషాలు. ఇంకో అద్దాల పెట్టెలో బొటనవేలంత మట్టి బుడ్లు. జైలు అనుకుంటున్న కట్టడంలో దొరికాయి, మరణశిక్ష పడ్డవాళ్ళకి ఇచ్చే విషం పోసినవి కావచ్చంటారు, సోక్రటీస్ తాగినలాంటిది. నేనక్కడ చాలాసేపు ఆగిపోయాను.

సోక్రటీస్ కథంతా పండుగల మధ్యే నడుస్తుంది. ఆయన శిష్యుడు ప్లేటో రాసిన 'రిపబ్లిక్' మొదలయ్యేదే సోక్రటీస్ కొత్త దేవత ఉత్సవం చూద్దామని రేవుపట్నం పిరేయస్‌కి వెళ్ళడంతో. ప్రేమ గురించి ప్లేటోనే రాసిన 'సింపోజియం'లో జరిగేది, నాటక పోటీలో గెలిచిన కవి ఇంట్లో విందు. అరిస్టోఫనీస్ తన హాస్యనాటకం 'క్లౌడ్స్'లో సోక్రటీస్‌ని బుట్టలో వేలాడదీసి నవ్వించాడు, ఆ నవ్వు తనకెంత చేటు చేసిందో సోక్రటీసే కోర్టులో చెప్పుకున్నాడు. క్రీ.పూ. 399లో మరణశిక్ష పడ్డాక కూడా వెంటనే అమలు చెయ్యలేదు. డీలోస్ దీవిలో అపోలో దేవుడికి మొక్కు చెల్లించే ఓడ అప్పుడే బయల్దేరబోతోంది, అది తిరిగొచ్చేదాకా ఊళ్ళో ఎవర్నీ చంపకూడదు. సుమారు నెల రోజులు అలా కలిసొచ్చాయి. చివరి మాటగా "అస్క్లేపియస్‌కి ఒక కోడిపుంజు బాకీ ఉన్నాం" అన్నాడు. తత్వవేత్త చివరి మాట మొక్కు గురించి!

ప్లేటో నడిపిన బడి, అకాడమీ, ఇప్పుడొక పార్కు. ముసలాళ్ళు కుక్కల్ని తిప్పుకుంటూ కనిపిస్తారు. అరిస్టాటిల్ బడి లైసియం 1996లో మ్యూజియం కట్టబోతూ తవ్వితే బయటపడింది, చూడ్డానికి పునాది గోడలే. తత్వశాస్త్రం మీద మోజుంటే వెళ్ళండి, పిల్లలతో అయితే వద్దు.

ఏథెన్స్ బయట ఎపిడారస్‌లో ఉన్న పాత నాటకశాల పగలు చూసి వచ్చేసే టూర్లు బోలెడు. నా మాట వినండి, వేసవిలో శుక్ర, శనివారాల్లో రాత్రి తొమ్మిదికి నాటకం ఉంటుంది, దానికి వెళ్ళండి. ఆ రోజుల్లో ఏథెన్స్ నుంచి ప్రత్యేక బస్సులు కూడా వేస్తారు. పై మెట్ల టికెట్ చవక. రాయి మీద రెండు గంటలు కూర్చోవాలి కాబట్టి దిండు తప్పనిసరి. మొత్తం 55 వరసలు. గైడ్ నడిమధ్య నాణెం పడేసి వినిపించి చప్పట్లు కొట్టించుకుంటాడు. 2017లో డచ్ పరిశోధకులు కొలిచి, గుసగుస చివరిదాకా పోదు, గొంతెత్తి మాట్లాడితేనే వినిపిస్తుందని తేల్చారు. గొంతెత్తినప్పుడు వినిపించడం కూడా చిన్న సంగతేం కాదు, మైకుల్లేని రోజులు.

మేం చూసింది యూరిపిడీస్ 'బాకే'. ఆడేది నేటి గ్రీకులో, పక్కన తెర మీద ఇంగ్లీషు. మావగారు తెర వంక చూడనే లేదు. డయొనైసస్ దేవుడే పాత్రగా వస్తాడు. తనని దేవుడు కాదన్న రాజుని, పూనకంలో ఉన్న అతని తల్లి చేతే చీల్పిస్తాడు. ఆమె కొడుకు తలని సింహం తల అనుకుని మురిసిపోతూ తెచ్చి అందరికీ చూపిస్తుంది. మత్తు దిగుతుంది. వేలమంది ఉన్న ఆ గుట్టంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది, వెనక పైన్ చెట్లలో కీచురాళ్ళు తప్ప. మావగారు నా మోచేయి పట్టుకుని, "ఆవిడ ఇంకా ఏడవట్లేదు చూశారా, అదీ నటన" అన్నారు.

ఈ నాటకశాల కూడా గుడి ఆవరణలోదే, ఇక్కడి దేవుడు అస్క్లేపియస్. రోగులు గుడి మంటపంలో నిద్ర చేసేవారు, కలలో దేవుడొచ్చి వైద్యం చెప్పేవాడు. గుళ్ళో నిద్ర చేయడం మనకీ తెలిసిందే కదా.

నాటకం అయ్యాక అసలు నాటకం మొదలైంది. పక్క ఊరు లిగూరియోలో మేం దిగిన గెస్ట్‌హౌస్ ఆయన కారు పంపిస్తానన్నాడు, పంపలేదు, ఫోనెత్తలేదు. అర్ధరాత్రి, ఒకటే రోడ్డు, కార్ల వరస, టాక్సీ లేదు. ఒక గ్రీకు కుటుంబం మావగారి చేతికర్ర చూసి ఎక్కించుకున్నారు. సొంత కారో, తిరుగు బస్సో లేకుండా అక్కడ రాత్రి ఉండొద్దు.

అపోలో పూజారిణి నోట జోస్యం పలికేవాడని పేరున్న డెల్ఫీకి ఏథెన్స్ నుంచి బస్సులో మూడు గంటలు. చాలామంది ఒక్కరోజులో వెళ్ళొస్తారు, ఒక రాత్రి ఉండటమే మేలు. పొద్దున్నే టూర్ బస్సులు రాకముందు కొండ మీద మేం పదిమందిమి కూడా లేం. ఊరు చిన్నది, మంచి గది ఏథెన్స్ కన్నా తక్కువకే దొరికింది. కిటికీ తీస్తే లోయ నిండా ఆలివ్ చెట్లు, చివర సముద్రం. "నిన్ను నువ్వు తెలుసుకో" అని రాసి ఉండేదన్న అపోలో గుడిలో ఇప్పుడు నిలబెట్టిన స్తంభాలు కొన్నే. సోక్రటీస్‌ని మించిన జ్ఞాని లేడని చెప్పి ఆయన్ని ఇరికించిందీ ఈ గుడి పలుకే.

పూజారిణి పలికే ముందు మేక మీద చన్నీళ్ళు పోసేవారు. అది ఒళ్ళంతా వణికిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. మావగారు నిలబడిపోయారు. మన జాతరల్లో పసుపునీళ్ళు చల్లి మేక ఒళ్ళు విదిలించేదాకా చూడ్డం ఆయన ఎన్నిసార్లు చూశారో. ఇక్కడ పూజారిగా చేసిన ప్లూటార్క్ ఒక సంగతి రాశాడు: ఒకసారి మేక కదలకపోతే, వచ్చినవాళ్ళ మెప్పు కోసం తడిసి ముద్దయ్యేదాకా నీళ్ళు కుమ్మరించారట. ఇష్టం లేకుండా లోపలికి దిగిన పూజారిణి కేకలు పెడుతూ బయటికి పరిగెత్తి, కొద్దిరోజులకే చనిపోయింది.

తిండికి ఇబ్బంది లేదు. శాకాహారులు ఒక్క మాట నేర్చుకోండి: 'నిస్తీసిమో', అంటే చర్చి ఉపవాసపు వంట. మాంసం, గుడ్డు, పాలు ఉండవు, రొయ్యలూ పీతల్లాంటివి మాత్రం ఉండొచ్చు, అడగండి. టమాటాలో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు మావగారు నాలుగు రోజులు తిన్నారు, కారం లేదని రోజూ గొణిగారు. అడక్కుండా బల్ల మీద పెట్టే రొట్టెకి బిల్లులో డబ్బులుండొచ్చు.

చివరిరోజు ఎలెఫ్సీనా, పాత ఎల్యూసిస్. ఏథెన్స్ నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, సిటీ బస్సులోనే. ఆ రోడ్డు పేరు ఇప్పటికీ 'ఇయెరా ఒడోస్', పవిత్ర మార్గం. ధాన్యపు దేవత డిమీటర్ రహస్య దీక్షకి వేలమంది నడిచిన దారి. ఇప్పుడు టైర్ల షాపులు, గోదాములు, ఊరి దగ్గర చమురు శుద్ధి కర్మాగారాల పొగ గొట్టాలు. టూరిస్టులు దాదాపు లేరు. గ్రీకు భాష వచ్చి, చేతికి హత్య మరక లేకపోతే చాలు, ఆడవాళ్ళకీ బానిసలకీ కూడా దీక్ష ఇచ్చేవారట. గుట్ట మీద మేరీమాత చిన్న చర్చి ఉంది. విత్తనాల కాలంలో, నవంబరులో, ఆడవాళ్ళు రొట్టెలు, కలగలిపి ఉడికించిన గింజలు తెచ్చి పంచుతారు. గుగ్గిళ్ళే. ధాన్యపు దేవత వెళ్ళిపోయినా గింజలు అక్కడే ఉన్నాయి.

దీక్ష ఇచ్చిన పెద్ద హాలులో కొండని తొలిచిన మెట్లు మిగిలాయి. వాటి మీద కూర్చుని మావగారు అడిగారు: "ఇంతకీ లోపల ఏం చూపించేవారు?"

"ఎవరికీ తెలీదండీ. బయట చెప్తే మరణశిక్ష."

"ఎన్నేళ్ళు జరిగింది?"

"వెయ్యేళ్ళ పైనే."

"వెయ్యేళ్ళలో ఒక్కడూ చెప్పలేదా!" ఆయన కాసేపు ఆలోచించి, "మా తెనాల్లో అయితే సాయంత్రానికి టీకొట్టు దాకా వచ్చేసేది" అని కర్ర పట్టుకుని లేచారు.