శుక్రకణాల స్లైడ్ సెట్: ఎలుక స్లైడ్లు రెండూ సూపర్, పుస్తకం దండగ

శుక్రకణం పుట్టుక మొత్తం చూపిస్తాం అని డబ్బా మీద రాశారు కదా అని ఈ ఐదు స్లైడ్ల సెట్ తీసుకున్నా, రెండు వారాలుగా సాయంత్రం అయితే చాలు మైక్రోస్కోప్ ముందే కూర్చుంటున్నా.

ఎలుక టెస్టిస్ (వృషణం) స్లైడ్ కోసమే కొనొచ్చు అసలు. 40ఎక్స్ లో పెడితే శుక్రకణాలు తయారయ్యే ఒక్కో సన్న ట్యూబు గోడలో బయటి నుంచి లోపలికి వరసలు నీట్ గా కనిపిస్తాయి, అంచుకి ఆనుకుని స్పెర్మటోగోనియాలు (అన్నిటికీ మొదలు కణాలు), వాటి పైన పెద్ద న్యూక్లియస్ లో దారప్పోగుల్లాంటి క్రోమోజోములతో వాటి నుంచి వచ్చిన ప్రైమరీ స్పెర్మటోసైట్లు, తర్వాత శుక్రకణాలుగా మారబోయే చిన్న గుండ్రటి స్పెర్మాటిడ్లు, మధ్య ఖాళీలోకి తోకలు. మొదట స్లైడ్ పాడైందేమో అనుకున్నా, ఎందుకంటే ఒక ట్యూబు నిండా తోకలే, దాని పక్కదాంట్లో ఒక్కటి లేదు. తీరా చదివితే అన్ని ట్యూబులూ ఒకే దశలో ఉండవట, ఎలుకలో ఆ దశల్ని 14గా విడగొట్టారు, అందుకే మొదలుపెట్టిన కణం పూర్తవడానికి 50 రోజులు దాటినా (మనిషిలో అయితే 74 దాకా) సప్లై మాత్రం ఆగదు.

కూడా ఇచ్చిన పుస్తకం మాత్రం వేస్ట్. బొమ్మలో సెకండరీ స్పెర్మటోసైట్ కి ఇంత లావు బాణం వేశారు, దాన్ని వెతుకుతూ నా ఆదివారం మొత్తం పోయింది. మియోసిస్ (క్రోమోజోముల సంఖ్యని సగం చేసే విభజన)లో మొదటి విభజన అవగానే అది పుడుతుంది, ఎక్కువసేపు ఉండకుండా రెండో విభజనకి వెళ్ళిపోతుంది, స్లైడ్ లో దొరకడమే అరుదు, ఆ ఒక్క ముక్క రాసుంటే ఏం పోయేది? ఇంతమందినీ పెంచి పోషించే సెర్టోలి సెల్స్ కి మళ్ళీ బాణమే లేదు.

నాకు బాగా నచ్చింది ఎవరూ అడగని ఎపిడిడిమిస్ స్లైడ్. టెస్టిస్ లోంచి బయటికొచ్చిన కణానికి తల, తోక అన్నీ ఉంటాయి కానీ సరిగ్గా ఈదలేదు, ఈ మెలికల గొట్టంలో రోజుల తరబడి సాగుతూ ఆ శక్తి తెచ్చుకుంటుంది, మనిషిలో దీన్ని విప్పి చాపితే దాదాపు 6 మీటర్లు! లోపల కుక్కినట్టు శుక్రకణాలు, ఎలుకవి కదా, తలలు కొడవలిలా వంకర.

మిడత స్లైడ్ పర్లేదు, క్రోమోజోములు పెద్దవి, మగ మిడతకి వై క్రోమోజోము ఉండదు కాబట్టి జత లేని ఎక్స్ క్రోమోజోము ముదురు రంగులో విడిగా తెలుస్తుంది.

ఎద్దు వీర్యం స్లైడ్ లో గాలి బుడగ ఉంది, మనిషిది బాగానే ఉంది కానీ 100ఎక్స్ ఆయిల్ లెన్స్ లేనివాళ్ళు ఈ రెండూ పక్కన పెట్టేయండి, తలలు చుక్కల్లా కనిపిస్తాయి అంతే.