యార్క్‌లో రెండు రాత్రులు, రెండు దెయ్యాల నడకలు

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో సాయంత్రపు దెయ్యాల నడకకు, అంటే గైడు వెంట తిరుగుతూ పాత దెయ్యాల కథలు వినే నడకకు, డబ్బు కట్టే ముందు, గుంపులో ఎంతమంది ఉంటారో తప్పక అడగండి. మేము అడగలేదు. ఫలితంగా మొదటి రాత్రి మనిషికి 12 పౌండ్ల చొప్పున అన్నయ్యకు, వదినకు, నాకు కలిపి 36 పౌండ్లు వృథా అయ్యాయి.

లండన్ నుంచి రైలు ప్రయాణం, పగటి పూట కోట గోడల మీద నడక, యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి సందర్శన సాఫీగానే సాగాయి. రాత్రి ఏడున్నరకు మాత్రం దాదాపు 50 మంది ఒకే గైడు వెనుక బయలుదేరాము. వెనుక వరుసలో ఉన్న మాకు సగం మాటలు వినపడలేదు. దాన్నైనా సహించవచ్చు గానీ, దిబ్బ మీద ఉన్న క్లిఫర్డ్స్ టవర్ అనే పాత రాతి బురుజు దగ్గర జరిగింది నేను క్షమించలేను. 1190 మార్చిలో అల్లరిమూకలకు భయపడి నగరంలోని యూదులు, సుమారు 150 మంది, ఆ దిబ్బ మీద అప్పట్లో ఉన్న చెక్క బురుజులో తలదాచుకున్నారు. మూకల చేతికి చిక్కడం కంటే చావే మేలనుకుని చాలామంది తమవారిని తామే చంపుకున్నారు. ప్రాణాలు కాపాడతామన్న మాట నమ్మి బయటకు వచ్చినవారిని ఆ మూకలు నరికేశాయి. ఇంత ఘోరాన్ని గైడు రెండు వాక్యాల్లో ముగించి, ముందు నిలబడిన పిల్లల మీదకు కెవ్వున అరుస్తూ దూకాడు. అందరూ నవ్వారు. చరిత్ర పాఠాలు చెప్పే మా వదిన బస చేరేదాకా నోరు విప్పలేదు. డబ్బు వాపసు అడిగితే, నడక పూర్తయింది కాబట్టి ఇవ్వడం కుదరదన్నారు.

మరునాడు వదిన రానంటే రానంది. అన్నయ్య బతిమాలి, 8 పౌండ్ల టికెట్టుతో మరో నడకకు తీసుకువెళ్లాడు. పదకొండు మందిమి, గైడు ఒక పెద్దావిడ, చేతిలో చిన్న లాంతరు తప్ప వేషం ఏమీ లేదు. షాంబుల్స్ వీధిలో ఆగి, 1586లో బరువుల కింద నలిగి చంపబడిన మార్గరెట్ క్లిథరో అనే క్యాథలిక్ మహిళ గురించి గొంతు పెంచకుండా చెప్పారు. ట్రెజరర్స్ హౌస్ అనే పాత ఇంటి బయట నిలబడి చెప్పిన కథ మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు. 1953లో ఆ ఇంటి నేలమాళిగలో పని చేస్తున్న హ్యారీ మార్టిండేల్ అనే కుర్రాడికి గోడలోంచి బాకా ఊదిన శబ్దం వినిపించిందట, తరువాత అలసిన రోమన్ సైనికులు మోకాళ్ల నుంచి పైకి మాత్రమే కనిపిస్తూ నడిచి వెళ్లారట. పాత రోమన్ రహదారి ఆ నేలకు అడుగుకు పైగా లోతులో ఉందని చెప్పి, ఆవిడ కాసేపు మౌనంగా నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, ఎవరూ దూకలేదు, అయినా నా వెన్ను జలదరించింది.

తిరిగి వస్తూ వదిన బస మెట్ల మీద ఆగి, ఆ రహదారి సరిగ్గా ఎంత లోతులో ఉందన్నారని అన్నయ్యను రెండోసారి అడిగింది.