పిల్లల పుస్తకం వేయించుకునేవాళ్ళూ, ప్రమోషన్ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం

సొంతంగా పిల్లల పుస్తకం వేసుకుందామనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా "ప్రింటింగూ ప్రమోషనూ అంతా మేం చూసుకుంటాం, మీరు కథ ఇస్తే చాలు" అన్న ప్రకటన చూసి, ఇప్పటికే ఫోన్ నంబరు ఇచ్చేసిన వాళ్ళ కోసం. నేనూ అలాగే ఇచ్చాను. మొత్తం 64,000 రూపాయలు వదిలాయి. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి, పేరు కంటే వాళ్ళ పద్ధతి తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

మాది తెనాలి. పిల్లలకి అన్నం తినిపిస్తూ అల్లిన కథల్లో ఒకదాన్ని 32 పేజీల బొమ్మల పుస్తకంగా రాసుకున్నాను. అమ్మమ్మ ఒక నాలుగేళ్ళ బుడతణ్ణి "గుడికి పోదాం రా, పులిహోర పెడతారు" అని పిలుస్తుంది. వాడికి పులి ఒక్కటే వినబడుతుంది. ఇక దారి పొడవునా వాడి పాట్లు వాడివి. ఇంతే కథ.

నవ్వించే బొమ్మల పుస్తకంలో కిటుకంతా పేజీ తిప్పడంలో ఉంటుంది. కుడివైపు పేజీలో ఊరించాలి, తిప్పాక నవ్వించాలి. నా పుస్తకంలో "పంతులుగారు గంగాళం మీద మూత మెల్లగా ఎత్తారు. లోపల..." అని కుడిపేజీ ఆగిపోతుంది. తిప్పితే రెండు పేజీల నిండా పసుపుపచ్చని పులిహోర కొండ, దాని మీద తోకలాగా నిలబడ్డ ఎండుమిరపకాయ. ఆ ఒక్క బొమ్మ కోసం బొమ్మలు వేసిన అమ్మాయి, నేను మూడు రోజులు ఫోన్లో కొట్టుకున్నాం.

అచ్చయి వచ్చిన పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో వాళ్ళ కంపెనీ ప్రకటన! నన్నొక్క మాట అడగలేదు. ఆ ఒక్క పేజీ ముందు దూరడంతో మిగతావన్నీ ఒక్కో పేజీ వెనక్కి జరిగాయి. ఊరించే పేజీ ఎడమవైపుకి వచ్చింది, దాని పక్కనే సగం పులిహోర కొండ. మిగతా సగం వెనక పేజీలో. మొత్తం ఏడు జోకులు ఇలాగే పోయాయి. పుస్తకం అచ్చయ్యేది 16 పేజీల ఫారాలుగా, అంటే ఒక్కో పెద్ద కాగితం మడిస్తే 16 పేజీలు. మాకు ఉన్నవి రెండే కాబట్టి 33వ పేజీకి చోటు లేదు. అందుకని చివరి రెండు పేజీలనీ నొక్కి ఒకే పేజీలోకి ఇరికించారు.

ప్రూఫ్ చూసుకోలేదా అంటారేమో. చూశాను, వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్. అందులో ప్రకటన లేదు. పైగా ఫోన్లో పేజీలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఏది కుడో ఏది ఎడమో తెలిసే దారే లేదు. "ఓకే" అని బొటనవేలు గుర్తు పెట్టాను. ఆ తప్పు మాత్రం నాదే.

వత్తుల సంగతి ఇంకో కథ. నేను యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చాను. వాళ్ళ దగ్గర కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీ ఆయన దాన్ని తన పాత ఫాంటులోకి మార్చాడు. పీడీఎఫ్ పంపాక మళ్ళీ ఎక్కడ వేలు పెట్టాడో గానీ, నాలుగు పేజీల్లో అమ్మమ్మ కాస్తా "అమ్‌మమ్‌మ" అయింది. మా చిన్నాడు దాన్ని రోబోలాగా విడదీసి చదివితే ఇల్లంతా పడీపడీ నవ్వాం. నిజం చెప్పాలంటే ఆ పుస్తకానికి ఇంతవరకు దక్కిన పెద్ద నవ్వు అదే.

ఇక ప్రమోషన్. పుస్తకం ఇంకా ప్రెస్సులో ఉండగానే ఒక రాత్రి తొమ్మిదింటికి ఫోన్: "కంగ్రాట్స్ మేడమ్, బెస్ట్ చిల్డ్రన్స్ ఆథర్ అవార్డుకి సెలెక్టయ్యారు." శాలువా, మెమెంటో, ఫొటో. రిజిస్ట్రేషన్ ఫీజు 5,000, జీఎస్టీతో కలిపి 5,900. అచ్చే కాని పుస్తకాన్ని ఎవరు చదివారండీ అని అడిగితే "జ్యూరీ మేడమ్" అన్నాడు. మావారు ఫోన్ లాక్కుని పెట్టేశారు కాబట్టి ఆ డబ్బు మిగిలింది.

ప్యాకేజీలో 40 ఫైవ్ స్టార్ రివ్యూలు కూడా ఉన్నాయి. అవి నిజం పాఠకులవే అనుకున్నంత అమాయకత్వం నాది. వారం తిరిగేసరికి అన్నీ వచ్చేశాయి, అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఒకాయన అయితే హంతకుడెవరో చివరి దాకా ఊహించలేకపోయాను అని రాశాడు. నా పుస్తకంలో చచ్చింది ఎండుమిరపకాయ ఒక్కటే. పది రోజుల్లో అమ్మకాల సైటు వాటన్నిటినీ పీకేసింది. వాటితో పాటు, తన క్లాసు పిల్లలకి చదివి వినిపించి రాసిన ఒక టీచరమ్మ రివ్యూ కూడా పోయింది. డబ్బు పోయినందుకు కూడా అంత బాధ పడలేదు.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో డిస్‌ప్లే అన్నారు. పిల్లలకి కొత్త బట్టలు వేసి మరీ తీసుకెళ్ళాను. వాళ్ళు చెప్పిన స్టాల్లో పోటీ పరీక్షల గైడ్ల వెనకాల ఒకే ఒక్క కాపీ దొరికింది. స్టాల్లో కూర్చున్న కుర్రాడికి అది ఏం పుస్తకమో కూడా తెలియదు.

సరే, నేనే అమ్ముకుంటానని పోస్టాఫీసుకి వెళ్ళాను. పుస్తకాలు తక్కువ రేటుకి పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. చిన్న పుస్తకాలకి వరమే. కౌంటర్లో ఆయన పుస్తకం తెరిచి, మొదటి పేజీలో ప్రకటన చూసి, "యాడ్ ఉంటే ఇందులో వెళ్ళదమ్మా" అన్నాడు. రూల్ అదే. ప్రింటరు పేరో పబ్లిషరు పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. ఆ ఒక్క పేజీ నన్ను అక్కడా వదల్లేదు.

బిల్లులో ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరుకి, 3,500 వేశారు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్ళ పోర్టల్లో రచయితలు సొంతంగానే అప్లై చేసుకోవచ్చు. సంస్థ తన పేరు మీద తీసుకుంటే ఆ నంబరు వాళ్ళదే. రేపు మీరు వేరేచోట అచ్చు వేయించుకుంటే మళ్ళీ కొత్తది కావాలి.

హక్కుల దగ్గర కూడా బెదిరించారు. "కాపీరైట్ పర్మనెంట్‌గా మాది" అని మెయిల్ పెట్టారు. అగ్రిమెంటులో హక్కులు వాళ్ళకి ఇస్తున్నట్టు ఉంది గానీ ఎన్నేళ్ళకో రాయలేదు. తెలిసిన లాయరు గారు చదివి నవ్వారు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, గడువు రాయకపోతే 5 ఏళ్ళుగా లెక్క. ఏ ప్రాంతమో రాయకపోతే మన దేశం వరకే. 5 ఏళ్ళయినా తక్కువేం కాదు, కాబట్టి సంతకం పెట్టేముందే చూసుకోండి. బొమ్మలు వేసినవాళ్ళతో కూడా వేరుగా కాగితం రాసుకోండి. నేను రాసుకోలేదు. ఆ అమ్మాయి మంచిది కాబట్టి సరిపోయింది.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అప్పటిదాకా ఎత్తని ఫోన్ అప్పుడు ఎత్తారు. 3,500 వెనక్కి ఇచ్చారు. మిగతాదానికి బదులు రెండో పుస్తకం మీద 20 శాతం డిస్కౌంట్ ఇస్తారట!

తర్వాత విజయవాడలో ఒక ప్రెస్సులో ఇదే పుస్తకానికి రేటు అడిగాను. 300 కాపీలకి, కాపీ 85 రూపాయల చొప్పున 25,500. వెనక్కి వచ్చిన 3,500 పోను మిగిలిన 35 వేలూ నేను ప్రమోషన్ అనే మాటకి కట్టాను. అందుకే చెబుతున్నాను, ఈ రెండు పనులూ ఒకే చేతికి ఇవ్వకండి. ప్రెస్సువాళ్ళ దగ్గర ఒక్క డమ్మీ కాపీ కాగితం మీద తీయించుకుని, పిన్ను కొట్టించి, ఒక పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. వాడు పేజీ తిప్పినప్పుడు నవ్వాడో లేదో చూసుకున్నాకే మిగతా డబ్బు. ప్రచారానికి డబ్బు పెట్టేముందు చుట్టుపక్కల బళ్ళలో అడిగి నాలుగుసార్లు పిల్లలకి కథ చదివి వినిపించండి. నేను అమ్మిన కాపీల్లో సగం పైన అలా పోయినవే.

ఇంకా 212 కాపీలు మంచం కింద ఉన్నాయి. మా పెద్దది ఒక ఉపాయం చెప్పింది. నవ్వొచ్చే పేజీ మీద గాలిపటాల కాగితం కత్తిరించి తలుపులాగా అంటిస్తే, ఎత్తి చూసేదాకా జోకు బయటపడదు. సెలవుల్లో ముగ్గురం కూర్చుని 34 కాపీలకి అంటించాం. గమ్ము అయిపోయింది. నా అగ్రిమెంటు కాపీ చూడాలనుకునేవాళ్ళు మెసేజ్ పెట్టండి, ఏ లైను దగ్గర ఆగి చదవాలో గీత గీసి పంపిస్తాను.