పెరటి నేరోగేజి ఇంజన్ కిట్టు: చాసీ కొనొచ్చు, బాడీ మాత్రం మనమే కట్టుకోవాలి

1:24 స్కేలు (అసలు కొలతలో 24వ వంతు), 32 మి.మీ. గేజి (పట్టాల మధ్య దూరం), బ్యాటరీ మీద నడిచే 0-6-0 (ఆరు చక్రాలూ లాగేవే) ట్యాంకు ఇంజను, అంటే నీళ్ళ ట్యాంకులు తన మీదే ఉండే రకం. విడిభాగాల కిట్టుగా ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. అమ్మేవాళ్ళ పేరు జోలికి పోకుండా సరుకు సంగతే చూద్దాం. టెక్కలి చుట్టుపక్కల పెరళ్ళలో మే నెల ఎండ, ఉప్పుగాలి, రాలిన జీడాకులు తప్పవు. వీటి మధ్య ఈ ఇంజను ఎంతవరకు నిలబడుతుందన్నదే పరీక్ష. ముందే చెప్పేస్తున్నా: ఇందులో ఇనుముతో చేసిందంతా బాగుంది, ప్లాస్టిక్కుతో చేసిందంతా దండగ.

మొదట స్కేలు గురించి, ఎందుకంటే చాలామంది పొరబడేది అక్కడే. బ్రాడ్‌గేజికి మారకముందు మన నౌపడ–గుణుపురం లైను (పర్లాకిమిడి బండి నడిచింది దీని మీదే) గేజి 2 అడుగుల 6 అంగుళాలు, అంటే 762 మి.మీ. దాన్ని 24తో భాగిస్తే 31.75 వస్తుంది. 32 మి.మీ. పట్టా మీద తేడా పావు మిల్లీమీటరే. తోట రైళ్ళలో ఎక్కువగా కనబడే 45 మి.మీ. పట్టా, 1:22.5 స్కేలులో మీటరుగేజి లెక్క. దాని మీద 762 మి.మీ. బండి నడపాలంటే ఇంజను 1:17కు పెరుగుతుంది. ఆ కొలతలో మనుషుల బొమ్మలూ సామాన్లూ రెడీమేడుగా దొరకవు. బ్రిటన్ వాళ్ళు ఇదే 32 మి.మీ. పట్టా మీద 1:19 వాడతారు గానీ, అది రెండడుగుల లైన్ల కోసం. 1900లో మొదలైన పర్లాకిమిడి బండిని పెరట్లో నడపాలనుకునేవాళ్ళకి 1:24 సరైన లెక్క. పైగా బొమ్మల కొట్లో దొరికే 1:24 కార్లని స్టేషను ముందు నిలబెట్టుకోవచ్చు.

పెట్టెలో వచ్చేవి: 2 మి.మీ. స్టీలు రేకులో లేజరుతో కోసిన రెండు ఫ్రేములు, 32 మి.మీ. వ్యాసం స్టీలు చక్రాలు ఆరు, 4 మి.మీ. ఇరుసులు మూడు, ఇరుసులు తిరిగే ఇత్తడి బుష్షులు ఆరు, చక్రాలని కలిపే కప్లింగ్ రాడ్లు, ఎన్20 గేరు మోటారు, ఒక జత బెవెల్ గేర్లు, మోటారుని నడిపే ఎల్298ఎన్ బోర్డు, బ్లూటూత్ రిసీవరు, రెండు 18650 లిథియం సెల్లులు పట్టే హోల్డరు. వీటితో పాటు త్రీడీ ప్రింటు చేసిన బాయిలరు, చిమ్నీ, డోము, 3 మి.మీ. ఎండీఎఫ్‌ (చెక్కపొడి పలక)లో క్యాబూ, పక్క ట్యాంకులూ. ఇంత సరుకుకి సూచనల కాగితం ఒకే ఒక్కటి. అదీ బొమ్మలే, కొలతల్లేవు.

ఫ్రేములు మెచ్చుకోదగ్గవి. బుష్షులు వేలితో నొక్కితే బిగుతుగా కూర్చుంటాయి, రెండు ఫ్రేముల రంధ్రాలూ ఎదురెదురుగా కచ్చితంగా ఉన్నాయి. మధ్య ఇరుసుకి అర మి.మీ. పైకీ కిందకీ ఆడే గాడి ఇచ్చారు, ఇది తెలిసినవాళ్ళు చేసిన పని. బిగించాక చాసీని అద్దం పలక మీద పెట్టి చూడండి. ముందూ వెనకా ఉన్న నాలుగు చక్రాలూ అద్దాన్ని తాకాలి. ఒకటి తేలితే ఫ్రేము మెలితిరిగినట్టు. అడ్డపట్టీల స్క్రూలు వదులు చేసి, చాసీని అద్దం మీదే అదిమిపట్టి మళ్ళీ బిగిస్తే సరిపోతుంది.

చక్రాల దగ్గర ఓపిక పట్టాలి. చక్రాల వెనక ముఖాల మధ్య దూరం 28 మి.మీ. ఉండాలి. వెర్నియరు పెట్టి మూడు ఇరుసులకీ, ఒక్కో ఇరుసుకి మూడుచోట్ల కొలవండి. కిట్టులో ఇచ్చిన స్పేసరు గొట్టాలు 29 చూపిస్తున్నాయి. అలాగే వదిలేస్తే తిన్నని పట్టా మీద ఏమీ తెలియదు, పాయింటు (పట్టా రెండుగా చీలే చోటు) దగ్గరికొచ్చేసరికి ఫ్లాంజి (చక్రం లోపలి అంచు) క్రాసింగు ముక్కుని (పట్టాలు కలిసే మొనని) గుద్ది బండి ఎగిరి పడుతుంది. స్పేసర్లని ఆకురాయితో రుద్ది 28కి తేవాలి.

తర్వాత క్రాంకుల (చక్రాల మీద రాడ్డు పిన్ను ఉండే చోటు) కోణం. ఎడమ చక్రం క్రాంకు నిలువుగా ఉంటే కుడి చక్రానిది అడ్డంగా, 90 డిగ్రీల తేడాలో ఉండాలి. ఆ కోణం ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, మూడు ఇరుసులకీ ఒకేలా ఉండటమే ముఖ్యం. దీనికి కిట్టులో జిగ్ (కోణం కుదిర్చి పట్టే దిమ్మ) ఇవ్వకపోవడం పెద్ద లోటు. చెక్క దిమ్మలో ఇరుసు పట్టే గాడి చేసి, దాని రెండు పక్కలా రెండు మేకులు కొట్టుకుని, ఒక క్రాంకు పిన్ను ఒక మేకుకి, రెండోది రెండో మేకుకి ఆనించి మూడింటినీ ఆ ఒక్క దిమ్మ మీదే అతికించండి. ఫెవిక్విక్ లాంటివి వద్దు, ఎండకీ కుదుపుకీ వదిలేస్తాయి. బేరింగులు బిగించే రిటైనింగ్ కాంపౌండు ఆటో స్పేర్ పార్టుల షాపులో అడగండి. పిన్ను 2 మి.మీ., రాడ్డు రంధ్రం కూడా 2 మి.మీ. ఇచ్చారు, 2.2 మి.మీ. డ్రిల్లుతో రంధ్రాన్ని వదులు చెయ్యకపోతే తిరగదు. మోటారు పెట్టకముందే వేలితో తోసి చూడండి. ప్రతి చుట్టులోనూ ఒకే చోట పట్టేస్తోందంటే ఏదో ఒక ఇరుసు క్రాంకు కోణం తప్పినట్టే. నూనె పోసి దాన్ని సరిచెయ్యలేం.

మోటారు ఎంపిక మాత్రం నాకు అర్థం కాలేదు. 6 వోల్టులకి నిమిషానికి 300 చుట్లు తిరిగేది ఇచ్చారు. 32 మి.మీ. చక్రం ఒక చుట్టుకి 100 మి.మీ. నడుస్తుంది, అంటే సెకనుకి అర మీటరు. స్కేలులో అది గంటకి 43 కిలోమీటర్లు. నేరోగేజి బండి ఆ వేగంతో పోతే చూడ్డానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. రిమోటులో వేగం తగ్గిస్తే వంపులో ఆగిపోతుంది. అదే సైజులో 100 చుట్ల ఎన్20 తెచ్చుకోండి. షాఫ్టు అదే 3 మి.మీ. డీ ఆకారం, స్క్రూ రంధ్రాలూ అవే. స్కేలు వేగం 15 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది, లాగే బలమూ పెరుగుతుంది.

ఎల్298ఎన్ బోర్డు దాదాపు రెండు వోల్టులు తనే వేడి కింద తినేస్తుంది. రెండు సెల్లుల 7.4 వోల్టులని 6 వోల్టుల మోటారుకి సరిపెట్టడానికి అదే దారి అనుకున్నారేమో. మూసిన ట్యాంకులో ఆ వేడి ఎటు పోతుంది? డీఆర్‌వీ8833 బోర్డు దీని బదులు పెట్టుకోండి, చిన్నది, వేడెక్కదు. ఫుల్ చార్జిలో 8.4 వోల్టులు వస్తాయి కాబట్టి, పీడబ్ల్యూఎం (కరెంటుని వేగంగా ఆపి ఆపి ఇచ్చే పద్ధతి) గరిష్ఠాన్ని 70 శాతం దగ్గర ఆపేస్తే మోటారుకి 6 దాటదు. సెల్లులకి ప్రొటెక్షన్ బోర్డు ఇవ్వకపోవడం మాత్రం క్షమించరాని తప్పు. టూ-ఎస్ బీఎంఎస్ (రెండు సెల్లుల ప్రొటెక్షన్ బోర్డు) ఒకటి, 8.4 వోల్టుల చార్జరు ఒకటి విడిగా కొనాల్సిందే. టీపీ4056 చార్జింగు బోర్డు ఒక్క సెల్లుకే, సిరీస్‌లో ఉన్న జతకి పనికిరాదు. ఎండలో తిరిగొచ్చిన ఇంజనుని వెంటనే చార్జింగు పెట్టకండి, సెల్లులు చల్లారాకే పెట్టాలి.

ఇక బాడీ. ప్రింటు చేసింది పీఎల్ఏ ప్లాస్టిక్కుతో. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. నల్లరంగు వేసి మే మధ్యాహ్నం బయట పెడితే ఆ వేడి ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు. స్మోక్‌బాక్సు (బాయిలరు ముందు భాగం) ముందుకి వంగిపోతుంది, చిమ్నీ పక్కకి వాలుతుంది. ఎండీఎఫ్ సంగతి సరేసరి: ఒక వానాకాలానికి అంచులు ఉబ్బుతాయి, పట్టించుకోకపోతే చెద కూడా తోడవుతుంది.

దీనికి మందు ఊళ్ళోనే ఉంది. బోరు పైపులమ్మే షాపులో 40 మి.మీ. బూడిదరంగు పీవీసీ పైపు తీసుకోండి. మన దగ్గర ఈ పైపుల కొలత బయటి వ్యాసం లెక్కే, 24తో గుణిస్తే 960 మి.మీ., చిన్న ఇంజను బాయిలరుకి సరిగ్గా నప్పే సైజు. క్యాబుకీ ట్యాంకులకీ ఫ్లెక్సీ షాపుల్లో దొరికే 3 మి.మీ. పీవీసీ సన్‌బోర్డు వాడండి. కిట్టులోని ఎండీఎఫ్ ముక్కలని దాని మీద పెట్టి గీసుకుని కట్టరుతో కోసేయొచ్చు, ఆ ముక్కలకి పనికొచ్చే ఉపయోగం అదొక్కటే. రెండూ పీవీసీయే కాబట్టి పైపులతికించే సొల్యూషనే సరిపోతుంది. బ్రష్షుతో పల్చగా పూయాలి, ఎక్కువైతే సన్‌బోర్డు కరిగి గుంటపడుతుంది. చిమ్నీని లేత్ షాపులో అల్యూమినియం కడ్డీతో చేయించుకుంటే ఎండ బెడద ఉండదు. ఒక్కో 18650 పొడవు 65 మి.మీ., పక్క ట్యాంకుకి ఒకటి చొప్పున చక్కగా పడుతుంది, బరువూ రెండువైపులా సమంగా ఉంటుంది.

రంగుకి ముందు 400 నెంబరు కాగితంతో తడిరుద్దుడు, ప్రైమరు, ఆపైన ఆటోమొబైల్ పెయింటు. ముసురు పట్టిన రోజున స్ప్రే చెయ్యకండి, తెల్లటి పొర కమ్ముతుంది.

బాడీ తేలికైపోయింది కాబట్టి చక్రాలు జారతాయి. వలలకి కట్టే సీసం ముక్కలు 300 గ్రాములు బాయిలరులో, మధ్య ఇరుసు మీద పడేలా పేర్చి సిలికాన్‌తో అతికించండి. అన్నీ ముందుకి నెడితే వెనక చక్రాలు తేలిపోతాయి. 1:40 ఎత్తు మీద నాలుగు చిన్న పెట్టెలు లాగడానికి ఈ బరువు చాలు.

చక్రాలకి ఉప్పుగాలితో రెండు రోజుల్లో తుప్పు మొదలవుతుంది. నడిపాక పొడిగుడ్డతో తుడిచి, ఇరుసు బుష్షుల్లో కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేసి, చక్రం నడిచే ముఖానికి మాత్రం అంటనివ్వకండి. గేర్ల కింద పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క అడ్డం పెడితే ఇసుక ఎక్కదు.

చాసీ ఒక్కటే విడిగా అమ్ముతారా అంటే, సైటులో ఆ ఆప్షను కనబడదు. ఫోను చేసి అడిగితే ఇస్తున్నారు. అడిగేటప్పుడు బెవెల్ గేర్లు ఇంకో జత కూడా వెయ్యమనండి, ముందు అరిగేవి అవే.