ఐలా: హెబ్రిడీస్ రాణి దర్బారుకు వెళ్లే ముందు

ఇంగ్లీషు అక్షరాలు చూసి ‘ఇస్లే’ అనేస్తాం కానీ అక్కడివాళ్లు పలికేది ‘ఐలా’. స్కాట్లండ్ పడమటి తీరాన, లోపలి హెబ్రిడీస్ దీవులకు దక్షిణపు కొసన ఉంటుంది. బిరుదు ‘హెబ్రిడీస్ రాణి’. రాణి అన్నారు కదా అని కోటలు, ఆకాశాన్నంటే శిఖరాలు ఊహించుకుని వెళ్తే నిరాశే. ఆ హంగు కావాలంటే స్కై దీవికి వెళ్లాలి. ఇక్కడున్నవి పచ్చిక బయళ్లు, గోధుమరంగు పీట్ (కుళ్లిన మొక్కలతో ఏర్పడి, ఎండితే మండే మట్టి) నేలలు, ఎడతెగని గాలి, దాదాపు 3,200 జనం, పది విస్కీ బట్టీలు. 1983లో మూతపడ్డ పోర్ట్ ఎలెన్ 2024లో మళ్లీ తెరుచుకోవడంతో లెక్క పదికి చేరింది. బిరుదు ఊరికే రాలేదనిపించేది ఫిన్‌లాగన్ సరస్సు దగ్గర. మధ్యయుగాల్లో ఈ దీవులన్నిటినీ ఏలిన ప్రభువుల పీఠం అక్కడే ఉండేది. ఇప్పుడు మిగిలింది మొండిగోడలే. గంట చాలు.

ఈ ప్రయాణంలో అసలు పరీక్ష ఫెర్రీ. గ్లాస్గో నుంచి కెనాక్రేగ్ రేవుకు సుమారు 170 కిలోమీటర్లు. మ్యాప్ రెండున్నర గంటలంటే నాలుగు గంటలు చేతిలో ఉంచుకోండి. ఎందుకంటే దారిలో ఎ83 రోడ్డు మీద ‘రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్’ కనుమ దగ్గర వానలకు కొండచరియలు జారుతుంటాయి, అప్పుడు బళ్లను పక్కనున్న పాత మిలిటరీ రోడ్డు మీదుగా మళ్లిస్తారు. కెనాక్రేగ్ నుంచి పోర్ట్ ఎలెన్‌కు దాదాపు 2 గంటల 20 నిమిషాలు, పోర్ట్ ఆస్కేగ్‌కు 2 గంటలు. గాలి ఎక్కువైతే పోర్ట్ ఎలెన్ వెళ్లాల్సిన ఓడను ఆస్కేగ్‌కు మళ్లిస్తారు, లేదా అసలు రద్దు చేస్తారు. రెండు రేవుల మధ్య 30 కిలోమీటర్ల పైనే దూరం. కారు లేనివాళ్లకు ఆ మార్పు రాత్రిపూట చుక్కలు చూపిస్తుంది. టికెట్ కొనేటప్పుడు మొబైల్ నంబరు తప్పకుండా ఇవ్వండి, మార్పులు మెసేజ్‌గా వస్తాయి. వేసవిలో కారుకు చోటు వారాల ముందే అయిపోతుంది. నడిచి ఎక్కేవాళ్లకు మాత్రం సాధారణంగా దొరుకుతుంది. గ్లాస్గో నుంచి చిన్న విమానంలో ముప్పావు గంటే, కానీ పొగమంచు పడితే అదీ అంతే. తిరుగు ప్రయాణానికీ, ఇండియా విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ వదలకపోవడం చాలామంది చేసే పొరపాటు.

దీవిలో కారుంటే సుఖం, కానీ తాగితే నడపలేరు. స్కాట్లండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు. ఇంగ్లండ్‌లో 80 కాబట్టి, లండన్ అలవాటుతో లెక్కవేసుకోవద్దు. బట్టీకి వెళ్లగానే ‘నేను డ్రైవర్‌ని’ అని చెబితే, మీ వంతు విస్కీని చిన్న సీసాల్లో పోసి ఇంటికిస్తారు. లోపలి రోడ్లు చాలాచోట్ల ఒకే బండి పట్టేవి. ఎదురుబండి వస్తే మీ ఎడమవైపున్న పాసింగ్ ప్లేస్‌లోకి (బళ్లు తప్పుకోవడానికి రోడ్డును వెడల్పు చేసిన చోటు) తప్పుకోవాలి. అది కుడివైపుంటే దాని పక్కనే ఆగితే చాలు, ఎదుటివాళ్లే అందులోకి తప్పుకుంటారు. ఎదురైన ప్రతి ఒక్కరికీ చెయ్యెత్తడం అక్కడి మర్యాద.

కారు వద్దనుకుంటే దక్షిణ తీరాన్ని మించింది లేదు. పోర్ట్ ఎలెన్ నుంచి లాఫ్రోయ్‌గ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ మూడు బట్టీలనూ కలుపుతూ దాదాపు ఐదున్నర కిలోమీటర్ల కాలిబాట ఉంది. పొద్దున టాక్సీలో ఆర్డ్‌బెగ్ దాకా వెళ్లి, వెనక్కి నడుస్తూ రావడం మేలు. సాయంత్రానికి బస ఎదురుగా ఉంటుంది, ఆఖరి బస్సు బెంగ ఉండదు. ఆదివారం బస్సును నమ్ముకోవద్దు.

బట్టీలన్నీ చూడాలన్న ఆశ వద్దు, రోజుకు రెండు చాలు. ఒక్కటే చూసే వీలుంటే, బార్లీని నేల మీద పరిచి మొలకెత్తించే పాత పద్ధతిని ఇంకా వదలని బోమోర్, లాఫ్రోయ్‌గ్, కిల్‌హోమన్‌లలో ఒకటి ఎంచుకోండి. మొలకలను పీట్ పొగతో ఆరబెట్టడం వల్లే ఆ ఘాటు. ఫీనాల్ పీపీఎం (పొగ ఘాటునిచ్చే పదార్థం పది లక్షల్లో ఎన్ని వంతులో) అని గొప్పగా చెప్పే అంకె ఆ ఎండిన బార్లీది, సీసాలోని సరుకుది కాదు. మరగబెట్టి దింపేసరికి అందులో చాలా భాగం పోతుంది. మొదటిసారి తాగేవారికి ఆర్డ్‌బెగ్ ఆసుపత్రి వార్డులా అనిపించవచ్చు. వాళ్లు ఎక్కువగా పొగ పట్టించని బున్నహావెన్‌తోనో బ్రుక్‌లాడీతోనో మొదలుపెట్టడం నయం. ఎండాకాలం మరమ్మతులకని కొన్ని బట్టీలు ఆపేస్తారు. టూర్ ఉన్నా పొయ్యి వెలగదు, ముందే అడిగి తెలుసుకోండి.

బసకు బోమోర్ అందరికీ సరిపోతుంది: దీవి నడిమధ్య, దుకాణాలున్న ఊరు, బస్సులు కలిసే చోటు. దయ్యం దాక్కోవడానికి మూల దొరకకూడదని గుండ్రంగా కట్టారని చెప్పుకునే 1767 నాటి చర్చి కూడా ఇక్కడే. నడకదారి కోసమే వచ్చేవారికి పోర్ట్ ఎలెన్ మంచిది. పోర్ట్ షార్లెట్‌లో పాత బట్టీ భవనంలోని హాస్టల్ ఖర్చు తక్కువ, వంటగదీ ఉంది. శాకాహారులకు ఇదే మా సలహా. హోటళ్ల మెనూలో చేపలు, ఆల్చిప్పలు, పీతలదే పెత్తనం. బియ్యం, కూరగాయలు బోమోర్‌లోని కోఆప్ సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి, కందిపప్పు, కారం, పచ్చడి గ్లాస్గోలోనే కొనుక్కోండి. మే నెలాఖరులో ఫెష్ ఈలా విస్కీ ఉత్సవం. ఆ వారానికి గదులు ఏడాది ముందే నిండిపోతాయి.

విస్కీ వద్దనుకునే వారికీ ఒక రోజు నిండుగా గడుస్తుంది. కిల్డాల్టన్‌లో ఎనిమిదో శతాబ్దపు రాతి శిలువ. ‘ఓ’ అనే పేరున్న కొండకొమ్మున, 1918లో మునిగిన టస్కేనియా, ఒట్రాంటో నౌకల్లోని అమెరికన్ సైనికుల స్మారకం. అక్కడ గాలి మనిషిని తోసేస్తుంది, పిల్లల చెయ్యి వదలొద్దు. మాకిర్ తీరం కళ్లకు పండగే కానీ ఈతకు దిగొద్దు, అలలు లోపలికి లాగేస్తాయి. అక్టోబరు నుంచి గ్రునార్ట్‌లో గ్రీన్‌లాండ్ నుంచి వచ్చే బార్నకిల్ బాతులు వేలల్లో దిగుతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా మిడ్జ్ దోమలు. గాలి ఆగిందంటే కుట్టడం మొదలు.

సీసాలు విమానంలో చేతి సంచిలో చాలాచోట్ల పెట్టనివ్వరు, లగేజీలో వేయడమే మేలు. ఇండియాలో సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే. అక్కడి సీసా 700 మిల్లీలీటర్లు, మూడు కొంటే 2.1 లీటర్లు.