"ఓపెన్‌ఫ్లో 1.3 సపోర్ట్" అని ఉంది కదా అని స్విచ్ కొనేయకండి

ఎస్‌డీఎన్ (నెట్‌వర్క్‌ని సాఫ్ట్‌వేర్‌తో నడిపే పద్ధతి) ల్యాబ్ కోసమో, ఆఫీసులో లోడ్ బ్యాలెన్సింగ్ (ట్రాఫిక్‌ని లింకులకి పంచడం) కోసమో హార్డ్‌వేర్ స్విచ్ కొనబోతున్నారా? డేటాషీట్‌లో "ఓపెన్‌ఫ్లో 1.3" అని ఉంటే సరిపోదు. ఓపెన్‌ఫ్లో అంటే కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్‌లకి రూల్స్ పంపే ప్రోటోకాల్. మా కాలేజీ ల్యాబ్‌కి ఆ మాట నమ్మే రెండు స్విచ్‌లు తీసుకున్నాం. కంపెనీ పేరు, డీలర్ పేరు రాయను. ఎవరి దగ్గర కొన్నా ఇలా జరగొచ్చు.

మాకు కావాల్సింది పెద్దదేం కాదు. ట్రాఫిక్‌ని మూడు లింకులకి పంచాలి, అందులో ఒకదానికి రెట్టింపు వాటా ఇవ్వాలి. దానికి ఓపెన్‌ఫ్లోలో 'సెలెక్ట్' రకం గ్రూప్ ఉంది. లింక్‌కో బకెట్ (ఆ లింక్ మీద పంపమనే సూచన), బకెట్‌కో వెయిట్ (వాటా) ఇస్తే చాలు, ఏ కనెక్షన్ ఎటు పోవాలో స్విచ్చే తేల్చుకుంటుంది. కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్‌ని అనుకరించే మినినెట్‌లో, ఓపెన్ వీస్విచ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్ మీద చక్కగా నడిచింది. కొన్న స్విచ్‌కి అదే రూల్ పంపితే ఎర్రర్!

డీలర్‌ని అడిగితే "1.3 సపోర్ట్ ఉందన్నాం సార్, ఉంది కదా" అన్నాడు. ఒళ్లు మండింది గానీ, కాగితం ప్రకారం అతని మాట తప్పు కాదు. 1.3 స్పెసిఫికేషన్‌లో 'ఆల్', 'ఇన్‌డైరెక్ట్' గ్రూపులే తప్పనిసరి. 'సెలెక్ట్', 'ఫాస్ట్ ఫెయిలోవర్' ఉన్నా సరే, లేకపోయినా సరే. అంటే లోడ్ బ్యాలెన్సింగ్‌కి పనికొచ్చే ముక్క లేకుండానే ఆ ముద్ర వేసుకుని అమ్ముకోవచ్చు.

తర్వాత ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చారు. ఎర్రర్ పోయింది, దాంతోపాటు వేగమూ పోయింది. ఆ రూల్‌కి తగిలిన ప్యాకెట్లన్నీ స్విచింగ్ చిప్‌లో కాకుండా లోపలున్న చిన్న సీపీయూ మీద నడుస్తున్నాయి. గిగాబిట్ పోర్ట్ కాస్తా ఎద్దుబండి అయింది. వెనక్కి తీసుకోమంటే "బాక్స్ ఓపెన్ చేశారుగా" అంటున్నారు.

కొనేముందు డెమో యూనిట్ తెప్పించుకుని, కంట్రోలర్ నుంచి గ్రూప్ ఫీచర్స్ రిక్వెస్ట్ పంపండి. ఏ రకాలున్నాయో, వెయిట్లు కుదురుతాయో స్విచ్చే చెబుతుంది. ఆ జవాబునీ పూర్తిగా నమ్మకుండా ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ వేగం కొలిచే టూల్) పెట్టి చూడండి. అదీ చాలా కనెక్షన్లతో చూడాలి, ఒక్క కనెక్షన్ మామూలుగా ఒక్క లింక్ మీదే పోతుంది కాబట్టి పంపకం బయటపడదు. ఫ్లో ఎంట్రీల్లో (స్విచ్‌లో ఉండే రూల్స్) హార్డ్‌వేర్‌లో పట్టేవి ఎన్నో విడిగా అడగండి, సాఫ్ట్‌వేర్ టేబుల్ కూడా కలిపేసి పెద్ద అంకె చెప్పేవాళ్లున్నారు. ఇవన్నీ పర్చేజ్ ఆర్డర్‌లో రాయించాల్సిందే. ఫోన్‌లో "అన్నీ ఉన్నాయి సార్" అన్నది రేపు ఎవరికీ గుర్తుండదు.

ఇప్పటికే కొనేసినవాళ్లు సోర్స్ ఐపీ అడ్రస్‌లని ముక్కలుగా విడగొట్టి, ముక్కకో మామూలు ఫ్లో రూల్ రాసుకోవచ్చు. వాటాలు లెక్కప్రకారం రావు, లింక్ పడిపోతే కంట్రోలరే రూల్ మార్చాలి. మేం ప్రస్తుతానికి అలాగే నెట్టుకొస్తున్నాం.