ఖనిజ పొడి దారంలోనా, బట్ట మీదా?

టైటానియం డయాక్సైడ్ లాంటి పొడిని పాలిస్టర్ కరిగించేటప్పుడే కలిపితే అది దారంలో భాగమైపోతుంది, ఉతికినా పోదు. కానీ రేణువు 1 మైక్రాన్ లోపే ఉండాలి. 1.5 డెనియర్ (దారం సన్నదనాన్ని చెప్పే కొలత) పోగు మందం సుమారు 12 మైక్రాన్లే కదా! ఉండకట్టిన పొడి ఫిల్టర్‌ను మూసేస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, పోగులు తెగుతాయి. అందుకే పొడిని నేరుగా పోయకుండా మాస్టర్‌బ్యాచ్‌గా (పొడిని ముందే ప్లాస్టిక్‌లో దట్టంగా కలిపిన గుళికలుగా) వేయాలి, చిప్స్‌లో (కరిగించే పాలిస్టర్ గుళికల్లో) తేమ 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) దాటకుండా ఆరబెట్టాలి. దారాన్ని నడిపించే మెత్తటి గైడ్‌లను పొడి అరగదీస్తుంది, సిరామిక్‌వి పెట్టుకోండి.

నూలుబట్టకు ఈ దారి లేదు. పొడిని బైండర్‌తో (బట్టకు అంటించే జిగురుతో) నీళ్లలో కలిపి, ప్యాడింగ్ చేసి (బట్టను అందులో ముంచి రోలర్ల మధ్య పిండి), ఆరబెట్టి, జిగురు గట్టిపడేలా సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌లో క్యూర్ చేయాలి. తొట్టిలో కలుపుతూనే ఉండాలి, లేదంటే పొడి అడుగుకు చేరి రోల్ మొదటికీ చివరికీ తేడా వస్తుంది. బైండర్ తగ్గితే ఉతుకులో రాలుతుంది, పెరిగితే బట్ట బిరుసెక్కుతుంది. చిన్న ఆర్డర్లకైతే పాలిస్టర్‌కూ ఇదే నయం.